కారు అమ్మిన రోజే లోపలి భద్రత కూడా చూపించండి: రవాణా అధికారులకు, కార్ల కంపెనీలకు, డీలర్లకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రవాణా శాఖ కమిషనర్లకు,
కార్ల తయారీ కంపెనీల యాజమాన్యాలకు,
రెండు రాష్ట్రాల్లోని షోరూము డీలర్లకు,

నమస్కారం.

నేను చిన్న కారు నడుపుకునే మామూలు మధ్యతరగతి మనిషిని. కారు లోపలి భద్రత గురించిన ఈ సంగతులు మొదట కారు కొన్న షోరూములోనే చెప్పాను. "మెయిల్ పెట్టండి సార్, పైవాళ్ళు చూస్తారు" అన్నారు. కంపెనీకి మెయిల్ పెడితే కనీసం ఫోనైనా చెయ్యకుండా ఫిర్యాదు మూసేశామని జవాబొచ్చింది. సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చాను. అది తిరిగి తిరిగి రవాణా కార్యాలయానికి చేరింది. "బండి లోపలి విషయాలు కంపెనీ చూసుకోవాలండీ, మాదేముంది" అన్నారక్కడ. ఆ తర్వాత నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, అర్జీ "పరిష్కరించబడింది" అని. ఏం పరిష్కరించారో నాకైతే తెలియలేదు. అందుకే ఇక నలుగురికీ తెలిసేలా రాస్తున్నాను.

నా ఫిర్యాదు కారు నాసిరకమని కాదు. 2019 జూలై 1 నుంచి తయారయ్యే ప్రతి కారుకూ డ్రైవరు ఎయిర్‌బ్యాగు, ముందు సీట్లకు బెల్టు అలారం, వేగం 80 దాటితే హెచ్చరిక, వెనక్కి తీసేటప్పుడు కూసే సెన్సర్లు, కరెంటుతో పనిచేసే లాకు మొరాయించినా చేత్తో డోరు తీసుకునే ఏర్పాటు తప్పనిసరి చేశారు. 2022 వచ్చేసరికి ముందు సీట్లో రెండో మనిషికీ ఎయిర్‌బ్యాగు వచ్చింది. ఇవన్నీ మంచివే, మేం డబ్బు పెట్టి కొన్నవే. వీటిని ఎలా వాడాలో మాత్రం కొన్నవాడికి ఎవరూ చూపించడం లేదు. పైగా వీటిని పనికిరాకుండా చేసే సామాను యాక్సెసరీస్ పేరుతో అదే షోరూములో, అదే బిల్లులో కలిపి అంటగడుతున్నారు.

విషయాలు ఒక్కొక్కటే చెబుతాను.

1. ఆగి ఉన్న కారులో పిల్లలు

2025 ఏప్రిల్‌లో రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలం దామరగిద్దలో ఇద్దరు చిన్నపిల్లలు ఆగి ఉన్న కారులో చిక్కుకుని ప్రాణాలు పోగొట్టుకున్నారు. తర్వాతి నెల, మే 18న, విజయనగరం దగ్గర ద్వారపూడిలో నలుగురు పిల్లలు అలాగే పోయారు. రెండు వారాలు టీవీల్లో చర్చలు నడిచాయి, "తల్లిదండ్రులు జాగ్రత్తగా ఉండాలి" అన్నారు. అసలు ఆ లాకులు ఎలా పనిచేస్తాయో జనానికి చెప్పినవాళ్ళు నాకు కనిపించలేదు.

కారులో రెండు రకాల లాకులున్నాయి. ఒకటి రిమోట్ నొక్కితే నాలుగు డోర్లకూ ఒకేసారి పడేది. రెండోది చైల్డ్ లాక్. వెనక డోరు తెరిచి దాని అంచు చూస్తే, కొక్కెం పక్కన చిటికెన వేలి గోరంత మీట ఒకటి కనిపిస్తుంది. కొన్ని బళ్ళలో మీట బదులు తాళంచెవితో తిప్పే గాటు ఉంటుంది. అది పడి ఉంటే లోపలి హ్యాండిల్ ఎంత లాగినా వెనక డోరు తెరుచుకోదు, బయటివాళ్ళే తియ్యాలి. బండి నడుస్తున్నప్పుడు పిల్లలు డోరు తీసెయ్యకుండా అది మంచిదే. కానీ ఆగి ఉన్న బండిలో వెనక సీట్లోకి చేరిన పిల్లలకు అదే ఆపద.

ముందు డోర్లకు చైల్డ్ లాక్ ఉండదు. లాకు పడి ఉన్నా, లోపలినుంచి పిన్ను పైకి లాగో, హ్యాండిల్‌ను ఒకటికి రెండుసార్లు లాగో చాలా బళ్ళలో ముందు డోరు తీసుకోవచ్చు. చాలా బళ్ళలో తాళంచెవి లేకపోయినా హారన్ మోగుతుంది. అంటే వెనక చిక్కుకున్న పిల్లాడు సీట్ల మధ్యనుంచి ముందుకు రావాలి, హ్యాండిల్ లాగాలి, అది కుదరకపోతే హారన్ మీద చెయ్యి తియ్యకుండా నొక్కాలి. అయిదేళ్ళ పిల్లలకు ఆటలా రెండుసార్లు చేయిస్తే వచ్చేస్తుంది. మా ఇంట్లో వచ్చింది. అయితే ఏ మోడల్‌లో హ్యాండిల్ ఎన్నిసార్లు లాగాలో, తాళంచెవి లేకుండా హారన్ మోగుతుందో లేదో కొన్న రోజే దగ్గరుండి చూపించాల్సింది అమ్మినవాళ్ళు.

వేడి సంగతి కూడా జనానికి సరిగా తెలియదు. బయట 35 డిగ్రీలుంటే మూసిన కారులో పది నిమిషాలకే దాదాపు మరో పది డిగ్రీలు పెరుగుతుంది. అద్దం కాస్త దించి పెడితే సరిపోతుందనుకుంటారు, దానివల్ల పెద్ద తేడా రాదు. పిల్లల ఒళ్ళు పెద్దవాళ్ళకంటే మూడు నుంచి అయిదు రెట్లు వేగంగా వేడెక్కుతుంది. రోహిణి కార్తె ఎండలో "ఇప్పుడే వచ్చేస్తా" అని పిల్లాణ్ణి కారులో వదిలి మందుల షాపుకు వెళ్ళేవాళ్ళను రోజూ చూస్తున్నాం. ఇంకొక మాట. పిల్లలు కనిపించకపోతే మనం పక్కిళ్ళు, గుడి, చెరువు గట్టు వెతుకుతాం. వాకిట్లో ఆగి ఉన్న కారు చివర్లో గుర్తొస్తుంది. అందరికంటే ముందు చూడాల్సిన చోట్లలో అదొకటి.

2. వెనక సీటు బెల్టు

వెనక కూర్చున్నవాళ్ళూ బెల్టు పెట్టుకోవాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 138(3) ఎప్పటినుంచో చెబుతోంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో సవరణ వచ్చాక దాని 194బి సెక్షన్ కింద వెయ్యి రూపాయల జరిమానా ఉంది. పద్నాలుగేళ్ళలోపు పిల్లలకు బెల్టో, పిల్లల సీటో లేకపోయినా అంతే. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర కారు ప్రమాదంలో టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ చనిపోయినప్పుడు వెనక బెల్టు గురించి దేశమంతా మాట్లాడుకుంది. ఆయన ప్రయాణించింది ఖరీదైన పెద్ద కారులో, వెనక సీట్లో, బెల్టు లేకుండా. ఆ కొన్నాళ్ళూ అందరం భయపడ్డాం, ఆ తర్వాత మామూలే. 2021లో ఒక్క ఏడాదిలోనే సీటు బెల్టు లేక 16,397 మంది చనిపోయారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ తన నివేదికలోనే రాసింది. అందులో 7,959 మంది డ్రైవర్లు కాదు, ప్రయాణికులు.

అయితే పెట్టుకుందామన్నా బెల్టు దొరకాలి కదా. నమ్మకపోతే ఏదైనా క్యాబ్ ఎక్కి చూడండి. పైనుంచి బెల్టు లాగితే వస్తుంది, దాన్ని గుచ్చే లాకు కనిపించదు. సీటుకీ ఆనుడుకీ మధ్య సందులో వేళ్ళు దూర్చి, బిస్కెట్ పొట్లాలు, పాత టోల్ రసీదులు దాటుకుని, సీటు కవరు కింద ఎక్కడో నలిగిపోయి ఉన్నదాన్ని లాగాలి. డ్రైవరు అద్దంలోంచి చూసి "వెనక అక్కర్లేదు సార్, ఫైన్ వెయ్యరు" అంటాడు. ఆయన మాటా నిజమే, కెమెరాకు ముందు సీటే కనిపిస్తుంది, చలానా ముందు సీటుకే వస్తుంది. సొంత కార్లలోనూ ఇదే కథ, ఎందుకంటే డెలివరీకి ముందు కవర్లు తొడిగేటప్పుడు ఆ లాకులను కిందికి నొక్కేసి పైన కుట్టేస్తున్నారు. కొత్త బళ్ళలో ఇప్పుడు వెనక సీటుకూ బీప్ వస్తోంది. రోడ్డు మీద తిరిగే లక్షల పాత బళ్ళ సంగతేంటి?

ఒళ్ళో కూర్చోబెట్టుకున్న పిల్లల గురించి కూడా చెప్పాలి. అమ్మ చేతుల కంటే భద్రమైన చోటు లేదని మన నమ్మకం. గట్టి ఢీ తగిలిన క్షణంలో పది కిలోల బిడ్డ మూడు వందల కిలోల బరువున్నట్టు ముందుకు దూసుకుపోతుంది, ఏ తల్లి చేతులూ ఆపలేవు. గర్భిణులు బెల్టు కింది పట్టీని పొట్ట మీదుగా కాకుండా పొట్ట కిందుగా తుంటి ఎముకల మీద పెట్టుకోవాలన్న చిన్న మాట కూడా చెప్పే దిక్కు లేదు. అందుకే చాలామంది ఆ నెలల్లో బెల్టే మానేస్తున్నారు.

3. బీప్ నోరు మూసే క్లిప్పులు

బెల్టు పెట్టుకోకపోతే వచ్చే బీప్‌ను ఆపడానికి, బెల్టుకు బదులు లాకులో గుచ్చే ఒక ఉత్తుత్తి క్లిప్పు అమ్ముతారు. కంపెనీ లోగో చెక్కి, అందంగా పెట్టెలో పెట్టి మరీ. 2023 మేలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ అయిదు ఆన్‌లైన్ కంపెనీలకు ఆదేశాలిస్తే, వాటి నుంచి 13,118 లిస్టింగులు తీసేశారు. సంతోషం. మరి మా ఊరి యాక్సెసరీస్ షాపులో కీచైన్ల పక్కనే వేలాడుతున్న వాటిని ఎవరు తీయిస్తారు? బెల్టును సీటు వెనకనుంచి తిప్పి గుచ్చేసి దాని ముందు కూర్చునేవాళ్ళూ తక్కువేం లేరు. వాళ్ళకు తెలియనిదేమిటంటే, ఎయిర్‌బ్యాగు బెల్టుకు తోడుగా చేసింది, బెల్టుకు బదులుగా కాదు. బెల్టు లేని మనిషి బ్రేకు పడగానే ముందుకు జారి, సరిగ్గా బ్యాగు పేలి తెరుచుకునే చోటికి మొహం పెడతాడు.

షోరూముల్లో భారత్ ఎన్‌క్యాప్ స్టార్లు, అంటే కారును ఢీకొట్టించి చూసి ఎంత భద్రమో చెప్పే మార్కులు, పెద్ద బోర్డు కట్టి చూపిస్తున్నారు. 2023 అక్టోబరులో మొదలైన ఆ పరీక్షల్లో కారులో కూర్చోబెట్టే బొమ్మలన్నిటికీ బెల్టు ఉంటుంది, పిల్లల బొమ్మలు పిల్లల సీట్లలో ఉంటాయి. బెల్టు లేకుండా కూర్చున్న కుటుంబానికి ఆ స్టార్లు వర్తించవు. ఆ మాట ఆ బోర్డు మీద ఎక్కడా లేదు.

4. డ్యాష్‌బోర్డు మీద దేవుడు

ఇది సున్నితమైన విషయమని తెలుసు. నా కారులోనూ వెంకటేశ్వరస్వామి ఉన్నాడు, సన్‌వైజర్‌కు (ఎండకు అడ్డంగా దించుకునే పలకకు) అంటించిన పల్చటి స్టిక్కరుగా. నేను చెప్పేది ఎడమవైపు ఎయిర్‌బ్యాగు మూత మీద జిగురుతో అంటించే ఇత్తడి, రాతి విగ్రహాల గురించి. ఆ మూత మీద ఎయిర్‌బ్యాగు అని అక్షరాలు చెక్కి ఉంటాయి. ఢీకొన్నాక సెకనులో ఇరవయ్యో వంతు లోపే ఆ బ్యాగు తెరుచుకుంటుంది, ఆ వేగం గంటకు దాదాపు మూడు వందల కిలోమీటర్లు. మూత మీద విగ్రహముంటే అదీ అదే వేగంతో ఎదుటి మనిషి మొహానికి వస్తుంది. సెంటు సీసా, ఫోను స్టాండు, టిష్యూ డబ్బా ఏదైనా అంతే. చిన్న కార్లలో ఆ డ్యాష్‌బోర్డు మరీ దగ్గర, కాళ్ళు చాపి దాని మీద పెట్టుకునేవాళ్ళకు తుంటి ఎముకలు నుగ్గవుతాయి.

పిల్లల్ని ముందు కూర్చోబెట్టడం ఇంకా ప్రమాదం. 2024 డిసెంబరులో నవీ ముంబై వాశిలో ముందు సీట్లో ఉన్న ఆరేళ్ళ బాబు ఎయిర్‌బ్యాగు తెరుచుకున్న దెబ్బకు చనిపోయాడు. వెనక్కి తిరిగి ఉండే పసిపిల్లల సీటును ఎయిర్‌బ్యాగు ఎదురుగా ఎప్పుడూ పెట్టకూడదని సన్‌వైజర్ మీద బొమ్మ ఉంటుంది. ఆ స్టిక్కర్ మీదే మనవాళ్ళు గ్యాస్ రసీదులు, పార్కింగ్ చీటీలు దోపుతారు.

డ్రైవరు గుండెకూ స్టీరింగుకూ మధ్య కనీసం జానెడు పైన, అంటే పాతిక సెంటీమీటర్లు, దూరం ఉండాలి. పొట్టిగా ఉన్నవాళ్ళు, ముఖ్యంగా కొత్తగా నేర్చుకునే ఆడవాళ్ళు, స్టీరింగుకు అతుక్కుపోయి నడుపుతుంటారు. సీటు ఎత్తు పెంచుకునే మీట, స్టీరింగు వంచుకునే లివరు వాళ్ళ బండిలో ఉన్నా, ఉన్నట్టు వాళ్ళకు తెలియదు. డ్రైవింగ్ స్కూలు వాళ్ళు క్లచ్, గేరు నేర్పి ఎనిమిది వేయించి వదిలేస్తారు.

సీటు పక్కనుంచి వచ్చే ఎయిర్‌బ్యాగులున్న కార్లకు కూడా గట్టి రెక్సిన్ కవర్లు చుట్టూ బిగించి కుడుతున్నారు. సీటు అంచున ఎయిర్‌బ్యాగు అని చిన్న గుడ్డ ట్యాగు ఉంటుంది. దానిమీదుగానే కుట్టేస్తారు. వేలకు వేలు పోసి కొన్న బ్యాగు తెరుచుకునే దారి ఆ కుట్టుతో మూసుకుపోతుంది. పిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు కూడా ఆ కవరు కిందే. "ఐసోఫిక్స్ ఉంది సార్" అని గర్వంగా చెప్పిన కుర్రాణ్ణి, ఎక్కడుందో చూపించు నాయనా అంటే పాపం వెతుక్కున్నాడు. తప్పు అతనిది కాదు, అతనికీ ఎవరూ చూపించలేదు.

5. కాళ్ళ కింద మ్యాట్లు

2009లో అమెరికాలో టయోటా సుమారు 38 లక్షల బళ్ళను వెనక్కి పిలవాల్సి వచ్చింది. ఫ్లోర్ మ్యాటు జరిగి యాక్సిలరేటరు పెడలు దాని కింద ఇరుక్కుపోవడమే కారణం. ఇక్కడ మనం కంపెనీ మ్యాటు మీద మందపాటి తోలు మ్యాటు, దాని మీద గడ్డిలాంటి ప్లాస్టిక్ మ్యాటు, ఆషాఢంలో బురదని పైన పాత న్యూస్‌పేపరు వేస్తాం. డ్రైవరు సీటు ముందు నేలలో మ్యాటును పట్టి ఉంచే హుక్కు ఉంటుంది. రెండో మ్యాటు దానికి తగులుకోదు, ముందుకు జారుతుంది. సీటు కింద పడేసిన నీళ్ళ సీసా దొర్లుకుంటూ బ్రేకు కిందికి వస్తే అంతకంటే ఘోరం. మందపాటి మ్యాట్లను బలవంతంగా బిల్లులో కలిపినప్పుడు వద్దని చెప్పే తెలివి కొత్తగా కొనేవాడికి ఎక్కడిది?

6. మిగతావి

పవర్ విండో అద్దం మధ్యలో చెయ్యి అడ్డొస్తే ఆగే ఏర్పాటు చిన్న కార్లలో చాలావాటికి లేదు, ఉన్నా డ్రైవరు అద్దానికే. అందుకే డ్రైవరు డోరు మీద వెనక అద్దాలను ఆపేసే బటన్ ఇచ్చారు, అది అలంకారం అనుకునేవాళ్ళే ఎక్కువ. సెంటు స్ప్రేలు, సిగరెట్ లైటర్లు ఎండలో డ్యాష్‌బోర్డు మీద వదిలితే పేలతాయి. సాకెట్టుకు నాసిరకం పంపులు, వైర్లు కోసి కలిపిన మ్యూజిక్ సిస్టమ్‌లు మంటలు పెడతాయి. హెడ్‌రెస్టు తల వెనక ఉండాలి, మెడ కింద కాదు. మూసిన షెడ్డులో ఇంజను ఆన్ చేసి ఏసీలో నిద్రపోకూడదు. ఇవన్నీ యజమాని పుస్తకంలో ఉంటాయి. ఆ పుస్తకం నేను చూసిన బళ్ళన్నిటిలో ఇంగ్లీషులోనే, మహా అయితే హిందీలో కూడా ఉంది. తెలుగులో లేదు. ప్లాస్టిక్ కవరు కూడా విప్పని పుస్తకాలు పాత కార్ల బేరాల్లో ఎన్నో కనిపిస్తాయి.

కొన్నవాడికి బాధ్యత లేదని నేననడం లేదు. కానీ చిన్న కారు కొనేది ఎక్కువగా నిన్నటిదాకా బైకు మీద నలుగురు కూర్చుని తిరిగిన కుటుంబం. అప్పు చేసి, ఇంట్లోకి మొదటి కారు తెచ్చుకుంటుంది. అలాంటివాళ్ళకు డెలివరీ రోజు పూలదండ, కేకు, అట్టతో చేసిన పెద్ద తాళంచెవి పట్టుకుని ఫొటో, ఇన్‌స్టాగ్రామ్‌కు ఒక వీడియో. "కస్టమర్లకు టైముండదు సార్" అన్నది షోరూము వాళ్ళ జవాబు. కేకుకు ఉన్న టైము చైల్డ్ లాకుకు ఎందుకు లేదు?

మా డిమాండ్లు ఇవి.

1. డీలర్లు: తాళాలిచ్చే ముందు కనీసం అరగంట, కుటుంబంలో నడిపేవాళ్ళందరినీ కారులో కూర్చోబెట్టి, చైల్డ్ లాకు, లోపలినుంచి డోరు తీసే పద్ధతి, వెనక బెల్టులు, ఎయిర్‌బ్యాగు మూతలు, సీటు, స్టీరింగు సర్దుబాటు చేయించి చూపాలి. చూపినట్టు తెలుగు చీటీ మీద కొన్నవాడి సంతకం తీసుకోవాలి. ఆ చీటీ లేకుండా డెలివరీ ఇవ్వకూడదు.

2. డీలర్లు: రెండో మ్యాటు, ఎయిర్‌బ్యాగును మూసే కవరు, బీప్ క్లిప్పు అమ్మడం ఈ రోజే ఆపాలి. ఇప్పటికే అలా కుట్టిన కవర్లను సర్వీసింగుకు వచ్చినప్పుడు ఉచితంగా సరిచేయాలి. బెల్టు లాకులు పైకి తీసి పెట్టడానికి ఒక్క నిమిషం పడుతుంది.

3. కంపెనీలు: యజమాని పుస్తకం మొత్తం కాకపోయినా, బొమ్మలతో పదహారు పేజీల తెలుగు పుస్తకం ప్రతి బండిలో పెట్టాలి. అదే విషయం ఆ మోడల్ మీదే తీసిన తెలుగు వీడియోగా ఇవ్వాలి. అద్దం మధ్యలో ఆగే ఏర్పాటు చిన్న కార్లలో నాలుగు డోర్లకూ పెట్టాలి. ఖరీదు పెరుగుతుందంటారేమో, పెద్ద టచ్‌స్క్రీన్‌కు పెరిగినప్పుడు ఆ మాట అనలేదు.

4. రవాణా శాఖ: "మాకు సంబంధం లేదు" అనకండి. డీలరుకు ట్రేడ్ సర్టిఫికెట్ ఇచ్చేది మీరే. దాని రెన్యువల్‌కు పైన చెప్పిన డెలివరీ చీటీల తనిఖీని షరతుగా పెట్టండి. యాక్సెసరీస్ షాపుల మీద పోలీసులతో, తూనికలు కొలతల శాఖతో కలిసి తనిఖీలు చెయ్యండి.

5. రవాణా శాఖ: ఎల్.ఎల్.ఆర్. పరీక్ష తెలుగులో రాయనిస్తున్నారు, బాగుంది. అందులో ట్రాఫిక్ గుర్తులతోపాటు చైల్డ్ లాకు, వెనక బెల్టు, పిల్లల్ని ముందు కూర్చోబెట్టడం మీద ప్రశ్నలు చేర్చండి. లైసెన్సు టెస్టులో బండి కదలకముందు సీటు, అద్దాలు, బెల్టు సర్దుకోవడానికి మార్కులు పెట్టండి. ఫిట్‌నెస్‌కు వచ్చే ప్రతి క్యాబ్‌లో వెనక బెల్టు లాకులు చేతికి అందుతున్నాయో లేదో చూసి, లేకపోతే సర్టిఫికెట్ ఆపండి.

6. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు: వేసవి సెలవులకు ముందే, మార్చి, ఏప్రిల్ నెలల్లో, అంగన్‌వాడీల్లో, ప్రాథమిక పాఠశాలల్లో ఒక నిజమైన కారు తెచ్చి నిలబెట్టి, ఎలా బయటికి రావాలో, హారన్ ఎలా మోగించాలో పిల్లలచేత చేయించాలి. ఊరికో కారు దొరకని రోజులు కావివి.

ఈ లేఖ ప్రతులను రెండు రాష్ట్రాల రవాణా కమిషనర్ల కార్యాలయాలకు రిజిస్టర్డ్ పోస్టులో, కంపెనీకి మెయిల్‌లో, షోరూముకు చేతికి ఇస్తున్నాను. ముప్పై రోజుల్లోగా ఏ డిమాండుకు ఏం చేస్తారో, చెయ్యకపోతే ఎందుకు చెయ్యరో రాతపూర్వకంగా జవాబివ్వండి. "పరిష్కరించబడింది" అన్న మెసేజ్‌ను జవాబుగా తీసుకోను. ఆ గడువు దాటితే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు, ఆ తర్వాత వినియోగదారుల కమిషన్. కాగితాలు సిద్ధం చేసి పెట్టుకున్నాను.

ఇట్లు,
ఒక చిన్న కారు యజమాని